దుంపల గాదెలో గంజాయి

పొలంలోకి దిగేటప్పుడు ఆల్ఫెడా వోయిజీన్ ముందుగా చూసేది మొక్కను కాదు, తన నీడను. నీడ కాళ్ల ముందు పడాలి. సూర్యుడు వీపు వెనక ఉన్నప్పుడే బంగాళాదుంప ఆకుల పచ్చదనంలోని తేడా కంటికి అందుతుంది. ఎండ ఎదురుగా ఉంటే తెగులు సోకిన ఆకూ మంచి ఆకూ ఒకేలా మెరుస్తాయి. సెయింట్ జాన్ నది లోయలో విత్తనపు దుంపల తనిఖీదారుగా ముప్పై ఒక్క ఏళ్లు ఆమె అలాగే నడిచింది. వంద మొక్కలు లెక్కించడం, ఆగడం, రాసుకోవడం, మళ్లీ వంద.

ఆ పని నేర్పినవాడు ఒనెజిమ్ మార్కీ. ఆమె కంటే నాలుగేళ్లు పెద్ద. మొదటి వేసవిలోనే ఒక మాట చెప్పాడు.

"కంటికి మొహమాటం ఎక్కువ, ఆల్ఫెడా. తెలిసినవాడి పొలంలో అది తప్పు చూడదు."

అందుకే చలికాలపు పరీక్ష ఉండేది. ప్రతి పొలం నుంచి నాలుగు వందల దుంపలు ఏరి, సంచుల్లో ఫ్లోరిడాకు పంపి, అక్కడి వెచ్చని నేలలో నాటేవారు. జనవరిలో మొలకలు చెప్పినదే తుది తీర్పు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది ఆల్ఫెడా ఆ మళ్ల ముందు నిలబడింది. జూలైలో ఆమె స్వయంగా నడిచి, శుభ్రంగా ఉందని సంతకం పెట్టిన పొలం, బాప్తిస్మంలో తనను ఎత్తుకున్న జ్ఞానపిత గారిది. ఆ పొలపు దుంపల నుంచి వచ్చిన నాలుగు వందల మొక్కల్లో ఇరవై మూడింటి ఆకులు దొన్నెల్లా ముడుచుకుని ఉన్నాయి. సిగ్గు కలిగిందని అందరూ అనుకున్నారు. నిజానికి ఆమెకు కలిగింది మరొకటి. జూలై నుంచి జనవరి దాకా ఒక రోగం దుంప చీకట్లో చప్పుడు లేకుండా కూర్చుని, తనకు కావలసిన వెచ్చదనం దొరకగానే తన ఉనికిని ఇంత స్పష్టంగా రాసి చూపగలదన్న సంగతి ఆమెను నిలువునా నిలబెట్టేసింది. ఆ నిలబడిపోవడం ఆమెకు జీవితాంతం అలవాటుగా మిగిలింది.

పదవీ విరమణ తరువాత లోయవాళ్లు ఆమెను రాష్ట్ర శాసనసభకు పోటీ చేయమన్నారు. రెండుసార్లు వద్దంది. మూడోసారి వద్దనడానికి కారణం దొరకక ఒప్పుకుంది. అరవై ఏడో ఏట, రెండో విడతలో, పదమూడు మంది సభ్యుల కమిటీలో ఆమెకు చోటిచ్చారు. ఆ కమిటీ ముందుకు వచ్చే విషయాల్లో వైద్య గంజాయి ఒకటి: డాక్టరు చీటీ ఉన్న రోగుల కోసం దాన్ని ఎవరు పెంచాలి, ఎలా ఆరబెట్టాలి, ఎవరు చూడాలి.

ఆ శీతాకాలం వచ్చిన బిల్లు చిన్నది. రోగికి చేరేముందు ప్రతి పంటా ప్రయోగశాలలో బూజు పరీక్షకు వెళ్లాలి. ఒకే పెంపకందారు దగ్గర ఎన్ని రకాలుంటే అన్ని పరీక్షలు. ఆరుగురు కావాలన్నారు, ఆరుగురు వద్దన్నారు. మిగిలింది ఆల్ఫెడా. ఆమె ఎటు వంగితే బిల్లు అటు.

లోయ మొత్తానికి ఆ బిల్లు ఇష్టం లేదు. ప్రయోగశాల దక్షిణాన ఆరు గంటల దూరంలో ఉంది. క్లోవిస్ నాడో ఎనిమిది మంది రోగుల కోసం పన్నెండు రకాలు పెంచుతాడు. చలికాలంలో ఒక్కో రకం కోతకు వచ్చినప్పుడల్లా ఆ మంచు దారిలో రానూపోనూ పన్నెండు గంటలు. బిల్లు నెగ్గితే దీపాలు ఆర్పేసి ఇంట్లో కూర్చుంటానన్నాడు. చర్చి నేలమాళిగలో శనివారపు చిక్కుడుగింజల విందులో, అందరి ముందూ, ఆల్ఫెడా అతనికి మాటిచ్చింది: వ్యతిరేకంగానే ఓటు వేస్తాను.

ఆ మాట వెనక క్లోవిస్ కంటే ఎక్కువగా ఉన్నవాడు ఒనెజిమ్. రక్తపు క్యాన్సరు వచ్చి, మరొకరి మూలుగ ఎక్కించుకుని బతికాడు. ఆ కొత్త మూలుగ ఒంటిమీద తిరగబడకుండా వాడే మందులు అతని రోగనిరోధక శక్తిని దాదాపుగా అణిచివేశాయి. అన్నిటికంటే కష్టం తిండి. ప్లేటు చూస్తేనే వాంతి వచ్చేది. ఎనిమిది వారాల్లో పద్నాలుగు కిలోలు తగ్గాడు. అప్పుడు క్లోవిస్ పెంచిన గంజాయి పువ్వు వచ్చింది.

ఫిబ్రవరిలో శాసనసభకు వారం సెలవు. ఆల్ఫెడా మొదటి ఉదయమే ఒనెజిమ్ వంటింట్లో కూర్చుంది. అతను చేతిలో పట్టేంత పరికరంలో చిటికెడు పువ్వు వేసి, వేడెక్కనిచ్చి, రెండు దమ్ములు పీల్చాడు. ఆమె గడియారం చూసుకుంది.

"లెక్కపెడుతున్నావా?" అన్నాడు.

"అలవాటు."

"పొలంలో నడిచినట్టే నా పొట్టలో కూడా నడుస్తావన్నమాట."

నలభై నిమిషాలకు అతను లేచి పొయ్యి దగ్గరికి వెళ్లి, బక్‌వీట్ పిండితో ప్లోయ్ అట్లు పోశాడు. ఒకవైపే కాలే ఆ పసుపు అట్ల మీద సన్నని కన్నాలు విచ్చుకుంటుంటే మనిషి ముఖం కూడా విచ్చుకుంది. వెన్న రాసి, చుట్ట చుట్టి, మూడు తిన్నాడు. ఆల్ఫెడా మళ్లీ గడియారం చూసింది. చిటికెడు ఎండిన పువ్వు, మూత పడిన ఒక ఆకలి తలుపును నలభై నిమిషాల్లో తెరిచింది. ఏ రసాయనం ఏ గ్రాహకానికి తగులుకుంటుందో ఆమె చదివింది. చదివినందువల్ల ఆశ్చర్యం తగ్గలేదు, పెరిగింది.

"క్లోవిస్ కొట్టు మూసేస్తే?" అంది చివరికి.

"మూయించేదీ ఆపేదీ నీ ఓటేగా. బిల్లుకే వేయి, నేను గాలి తిని బతుకుతా." నవ్వుతూనే అన్నాడు. మూడో అట్టు ముక్క మాత్రం ప్లేటులో వదలలేదు.

అదే మధ్యాహ్నం ఆమె క్లోవిస్ దగ్గరికి వెళ్లింది. కమిటీలో మాట్లాడేముందు కళ్లతో చూసినట్టుంటుందని.

క్లోవిస్ ఆమె చనిపోయిన భర్తకు చిన్నాన్న కొడుకు. యాభై ఎనిమిదేళ్లవాడు. దుంపల సేద్యం మానేసినా తాత కట్టిన దుంపల గాదె వదల్లేదు. గుట్ట పొట్టలోకి తొలిచి, మూడు వైపులా మట్టి కప్పి, దక్షిణం వైపు మాత్రం పెద్ద కొయ్య తలుపు పెట్టిన కట్టడం అది. బయట సున్నాకు ఇరవై అయిదు డిగ్రీలు కింద ఉన్నా లోపల గడ్డకట్టదు. ముందు భాగంలో దీపాల కింద మొక్కలు, వెనక గదిలో తాళ్లకు తలకిందులుగా వేలాడుతున్న కొమ్మలు, గోడవార గాజు సీసాలు.

"రా వదినా, రా. బూట్లు తుడుచుకో, ప్రభుత్వం వచ్చి నా నేల పాడుచేసిందంటే ఎవరికి చెప్పుకోను?"

"నీ నేల మట్టిదేగా."

"మట్టే. కానీ మా తాతది."

అతను తలుపు గబుక్కున మూశాడు. చలికాలంలో దుంపల గాదె తలుపు తెరిచి ఉంచడం ఆ లోయలో పసివాళ్లు కూడా చేయని పని. గాలి నిశ్చలంగా, మెత్తగా ఉంది. ఆల్ఫెడా ఊపిరి పీల్చింది. తడి మట్టి, పాత కొయ్య, కొంచెం తీపి. మంచి గాదె వాసన. ముప్పై ఒక్క ఏళ్లు ఆ వాసన తగలగానే ఆమె భుజాలు సడలేవి, ఇప్పుడూ సడలాయి.

క్లోవిస్ గోడను అరచేత్తో తట్టి చూపించాడు. చేయి చెమ్మగిల్లింది. "చూశావా? ఊపిరి పీలుస్తోంది. తేమ మీటరు ఎనభై ఎనిమిది. దక్షిణాదివాళ్లు ఫ్యాన్లు పెట్టి పువ్వును అప్పడం చేస్తారు. నా దగ్గర ఒక్క గ్రాము కుంచించుకుపోదు."

"మీ నాన్న దుంపల గురించీ ఇదే అనేవాడు."

"ఆయనే నేర్పాడు మరి. తలుపు సందులో వేలు పట్టినా వీపు పగిలేది."

ఆమె కొమ్మలను ఒక్కొక్కటే చూసింది. శుభ్రంగా ఉన్నాయి. ఒక పువ్వును జేబులోని భూతద్దం కింద పెట్టింది. ఆకుల అంచుల వెంట వేల గాజు కాడలు, ఒక్కోదాని కొసన తేనె రంగు బుడగ. దీపం కదిలితే అన్నీ ఒకేసారి వెలిగాయి. ఒనెజిమ్ అట్లు ఆ బుడగల్లోంచే వచ్చాయి. ఇంతటి పనితనాన్ని ఒక మొక్క తన కోసం చేసుకుంటే, దాన్ని మనిషి తన ఆకలి కోసం వాడుకుంటున్నాడు. ఎంతసేపు చూసిందో ఆమెకే తెలియలేదు.

"ఏం వదినా, నిద్రపోయావా?"

"బాగున్నాయి క్లోవిస్. చాలా బాగున్నాయి."

గొళ్లెం మీద చేయి వేశాక ఆగింది. ఈ మాట ఇంతకుముందు ఒకసారి అంది. జూలైలో, జ్ఞానపిత పొలంలో.

"ప్రతి రకంలోనూ చిటికెడు ఇవ్వు," అంది.

క్లోవిస్ నవ్వు ఆగింది. "నా మీద అనుమానమా?"

"నీ మీద కాదు, నా కంటి మీద. వాసన తగలగానే అది మెచ్చేసుకుంది."

"మాటిచ్చి మళ్లీ తనిఖీకొచ్చావన్నమాట." అన్నాడు గాని, పన్నెండు చిన్న సంచులు కట్టి ఇచ్చాడు. ఒక్కోదాని మీద రకం పేరు, కోసిన తేదీ, తాడు వరస రాశాడు. ఆ రాత శుభ్రంగా ఉంది.

ఫ్లోరిడా దూరం, ఇప్పుడు కావలసిన వెచ్చదనం వేరు. బడిలో జీవశాస్త్రం చెప్పే ఆవిడ దగ్గర బూజు మొలిపించే అగర్ జెల్లీ పోసిన పద్నాలుగు పళ్లేలు తెచ్చుకుంది. పన్నెండింట్లో పన్నెండు రకాలు అద్దింది. పదమూడోదాన్ని గాలి తగలకుండా అలాగే ఉంచింది. పద్నాలుగోదానిలో, పొయ్యిలో బాగా కాల్చి చల్లార్చిన పువ్వు అద్దింది. తన చేతివల్ల, తన వంటింటి గాలివల్ల వచ్చే తప్పు ఉంటే అక్కడ బయటపడుతుంది. మూతల చుట్టూ పట్టీ అంటించి, ఇక తెరవకూడదని నిర్ణయించుకుని, పళ్లేలను కోడిగుడ్లు పొదిగే పెట్టెలో పెట్టింది. ఆ పెట్టె ప్రతి ఏప్రిల్‌లో నలభై గుడ్లకు ఇచ్చే వేడి ముప్పై ఏడున్నర డిగ్రీలు.

రెండో రోజు తెల్లని నూగు. మూడో ఉదయం ఆమె పెట్టె మూత ఎత్తి చూసి, మళ్లీ దించలేదు.

పన్నెండింట్లో తొమ్మిది పళ్లేలు నీలి ఆకుపచ్చ రంగు తిరిగాయి. మఖమలు లాంటి గుండ్రని మచ్చలు, చుట్టూ తెల్లని అంచు. పదమూడు, పద్నాలుగు ఖాళీగా, అద్దంలా ఉన్నాయి. ఉద్యోగకాలపు సూక్ష్మదర్శిని బల్ల మీద పెట్టి, పట్టీ తీయకుండానే మూత మీదుగా చూసింది. సన్నని కాడల అడవి. ప్రతి కాడ చివరా సిద్ధబీజాల గొలుసులు దట్టంగా పేర్చుకున్న నీలి స్తంభం. గాలి లేని పళ్లెంలో అవి నిశ్చలంగా, ఎవరో నేర్పి నిలబెట్టినట్టు ఉన్నాయి.

ఆ బూజు ఆమెకు కొత్త కాదు. కుళ్లే ఎండుగడ్డిలో, చెట్టు బెరడులో, ఎరువు కుప్పలో ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి రోజుకు వందలకొద్దీ ఆ బీజాలను పీల్చి, తెలియకుండానే ఊడ్చి పారేస్తాడు. కాపలా లేని ఊపిరితిత్తుల్లో మాత్రం అది వేళ్లు దించుతుంది. ఆమెను కుర్చీలో కూలబెట్టింది మరో సంగతి. గుట్ట మట్టిలో పుట్టిన ఈ జీవి మనిషిని ఎన్నడూ వెతకలేదు. అయినా మనిషి ఒంటి వేడి దానికి సరిగ్గా సరిపోతుంది. కోడిపిల్లను గుడ్డులోంచి బయటికి పిలిచే వేడీ, ఒనెజిమ్ రొమ్ములోని వేడీ, ఈ నీలి తోటను మూడు రోజుల్లో పూయించిన వేడీ ఒక్కటే. భయపడవలసిన చోట ఆమెకు ముందు కలిగింది ఆ పాత నిలబడిపోవడమే. భయం దాని వెనకనే వచ్చింది. ఫోను అందుకుంది.

"ఒనెజిమ్, ఆ పువ్వు ఇక పీల్చకు. ఈ పూట కూడా."

"ఫ్లోరిడా నుంచి జవాబు వచ్చిందన్నమాట."

"వచ్చింది. తొమ్మిది పళ్లేలు."

"పన్నెండింట్లోనా?" అతను దగ్గాడు. ఆమె దగ్గును లెక్కపెట్టింది, రెండు. "గొంతు పొడి అంతే. భయపడకు."

"భయపడతాను. డాక్టరుకి ఇప్పుడే చెప్పు. ఊపిరితిత్తుల ఫోటో తీయించుకో."

డాక్టరు ఆ వారమే ఫోటో తీయించాడు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. పీల్చడం మానేసి, ప్రయోగశాలలో పరీక్షించిన గంజాయి నూనె చుక్కలు వాడమన్నాడు. అవి అమ్మే కొట్టు మూడు గంటల దూరం. నూనెకు ఆకలి సగమే వచ్చింది. రెండు అట్ల దగ్గర ఆగిపోయేవాడు.

ఫోటో ఫలితం తెలిసే దాకా ఆగలేదు ఆల్ఫెడా. ఫోను పెట్టేసిన గంటలోనే క్లోవిస్‌ను పిలిపించి సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టింది. అతను ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు.

"ఇది నా పువ్వు మీదిదా?"

"తొమ్మిది రకాల మీద."

"ఒనెజిమ్ మావయ్య పీల్చేది?"

"అదీ ఉంది."

అతను తల ఎత్తలేదు. "అందంగా ఉంది, ఛీ," అన్నాడు. తరువాత చాలా నెమ్మదిగా, "తేమ ఎనభై ఎనిమిది," అన్నాడు.

"దుంపకి తేమే ప్రాణం, క్లోవిస్. దుంప కోసం నువ్వు చేసినదాంట్లో తప్పేమీ లేదు. ఈ పువ్వుకి అరవై దాటకూడదు. నేను కూడా ఆ గాదెలో నిలబడి వాసన చూసి మురిసిపోయాను. మనిద్దరికీ ఒకే ముక్కు."

"ఓటు ఎటు వేస్తావు?"

"నీకు మాటిచ్చాను."

"మాట సంగతి అడగలేదు. ఎటు వేస్తావని."

ఆమె లేచి పొయ్యి దగ్గరికి వెళ్లింది. పొయ్యి మీద అతని కోసం పోసిన అట్లు ఆవిరి కక్కుతున్నాయి. క్లోవిస్ టోపీ తీసుకుని వెళ్లిపోయాడు. ఆ ఇంట్లో అతను తినకుండా వెళ్లడం అదే మొదటిసారి. పోతూ ఒక పళ్లెం మాత్రం అడిగి, కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు.

మార్చి మొదటి వారంలో రాజధాని ఆగస్టాలో బహిరంగ విచారణ. కమిటీ ముందు మాట్లాడేవారు పేరు రాసేటప్పుడు మూడు గడుల్లో ఒకదాన్ని ఎంచుకోవాలి: అనుకూలం, ప్రతికూలం, రెండూ కాదు. మనిషికి మూడు నిమిషాలు. ఆల్ఫెడా జాబితా చూసింది. ప్రతికూలపు గడిలో లోయవాళ్ల పేర్లు పంతొమ్మిది. క్లోవిస్ పేరు అందులో లేదు. గదిలో మాత్రం ఉన్నాడు, చివరి వరసలో, చావులకు తొడుక్కునే నల్ల కోటుతో.

అధ్యక్షుడు వెండెల్ స్ట్రౌట్ సముద్రతీరపువాడు, లాబ్‌స్టర్లు పట్టే మనిషి. మొదటి రెండు జాబితాలూ అయ్యాక, "రెండూ కాదన్న పెద్దమనిషి ఒకరున్నారు," అన్నాడు. "రండి. రెండూ కానప్పుడు ఏమిటో వింటాం."

క్లోవిస్ వచ్చి పట్టీ వేసిన పళ్లేన్ని బల్ల మీద పెట్టాడు.

"నా పేరు క్లోవిస్ నాడో. ఈ బిల్లు వస్తే కొట్టు మూసేస్తానని ఊరంతా చెప్పుకుని తిరిగినవాణ్ణి నేనే. ఇది నా పంట మీద మొలిచింది. నాకు ఒంట్లో బాగానే ఉంది కాబట్టి దీన్ని పీల్చినా ఏమీ కాదు. నా దగ్గర తీసుకునేవాళ్లు ఒంట్లో బాగోలేనివాళ్లు. ఆ సంగతి ముందే తట్టాల్సింది. తట్టలేదు. దుంపల్ని ఎలా చూసుకున్నానో దీన్నీ అలాగే చూసుకున్నాను." గొంతు సవరించుకున్నాడు. "పరీక్ష పెట్టండి. కాకపోతే పన్నెండుసార్లు పన్నెండేసి గంటలు బండి నడపమంటే మొక్కల్ని చూసుకునేదెవరు? మాకు అదొక్కటి తేల్చండి. పంటంతా కాల్చేశాను, అదీ చెప్పాలి."

సమయం అయిందని చెప్పే ఎర్ర దీపం వెలగడానికి ఇంకా ఒక నిమిషం పైనే ఉంది. అతను వెళ్లి కూర్చున్నాడు. పళ్లెం బల్ల మీదే ఉండిపోయింది. కమిటీ సభ్యులు ఒకరి తరువాత ఒకరు దాన్ని వెలుతురుకెత్తి చూసి, పక్కవారికి అందించారు.

మధ్యాహ్నం చర్చలో ఆల్ఫెడా సవరణ చదివింది. ఒక్కో రకానికి ఒక్కో పరీక్ష బదులు, చిన్న పెంపకందారు ఒక కోత కాలంలో పండించిన రకాలన్నిటి నుంచీ మూల మూలనా తీసిన చిటికెళ్లు కలిపి ఒకే నమూనా. అందులో బూజు కనిపిస్తేనే విడివిడిగా. నమూనాను రాష్ట్రపు దుంపల తనిఖీదారే తీసి, విత్తనపు నమూనాలు వెళ్లే బండిలోనే దక్షిణానికి పంపుతాడు.

"దుంపల లెక్క తెచ్చి గంజాయికి తగిలిస్తున్నారా?" అన్నాడు స్ట్రౌట్.

"అవునండి. ముప్పై ఒక్క ఏళ్లు నా కన్ను దాటిపోయినవి ఆ లెక్కకు దొరికాయి. ఇక్కడ నా మాట వెనక్కి తీసుకుంటున్నానని కూడా రాసుకోండి. మాటిచ్చినప్పుడు నేను చూడలేదు."

సవరణతో కలిపి బిల్లుకు చేతులు లెక్కపెట్టారు. ఏడు, ఆరు. ఏడో చెయ్యి ఆమెది. ఎత్తినప్పుడు చివరి వరసకేసి చూసింది. క్లోవిస్ తలాడించలేదు, తిప్పుకోనూ లేదు. చెయ్యి దించే దాకా ఆమెనే చూశాడు.

బిల్లు మిగతా మెట్లు ఎక్కుతుండగానే, ఆ శనివారం ఆమె ఇంటికి వచ్చింది. దారిలో క్లోవిస్ గుట్ట కనిపించగానే బండి నెమ్మదించింది. సున్నాకు పద్నాలుగు కింద, మంచు మీద ఎండ. దుంపల గాదె పెద్ద తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచి ఉంది. రోడ్డు మీద మరో రెండు బండ్లు ఆగి ఉన్నాయి. ఆ ఇంట్లో ఎవరైనా పోయారేమోనని అడగడానికి వచ్చినవాళ్లు.

ఒనెజిమ్ కూడా వచ్చి ఉన్నాడు. ముక్కూ నోరూ మూసే గుడ్డ కట్టుకుని, దూరంగా కంచె దగ్గరే ఆగాడు.

"వీడికి పిచ్చెక్కిందని ఊరు అనుకుంటోంది," అన్నాడు.

"నువ్వేమన్నావు?"

"పంట ఎప్పుడొస్తుందని అడిగాను. పదమూడు వారాలట. అప్పటిదాకా రెండు అట్లతో సరిపెట్టుకుంటా."

లోపలి నుంచి క్లోవిస్ గొంతు వినిపించింది. "వదినా, బూట్లు తుడుచుకోకుండా రా. నేలంతా గడ్డకట్టింది, పాడయ్యేదేమీ లేదు. మీటరు చూడు, నలభై ఒకటి."

ఆల్ఫెడా గుమ్మంలో నిలబడింది. తాత తలుపు బిగించిననాటి నుంచి శీతాకాలపు ఎండ ఎరగని వెనక గోడ, మూల మూలలా, రాయి రాయిగా కనిపిస్తోంది. చెమ్మ ఎండి, రాళ్ల మీద తెల్లని మంచు పొడి సన్నగా మెరుస్తోంది. ఎండ ఆమె వీపు మీద పడుతోంది. నీడ కాళ్ల ముందు నుంచి గాదె చివరిదాకా పరుచుకుంది. ఆమె కాసేపు కదలకుండా నిలబడి, తరువాత ఎడమ మూల నుంచి చూడటం మొదలుపెట్టింది.